కొన్నవాని స్వామ్యము: యంత్రగర్భమునందలి శాసనము



ఒక ఉపాధ్యాయుని స్మృతికై ఏటేట జరుగుచున్న ఈ ఉపన్యాసపరంపరలో ఈ యేటి ప్రసంగమును నిర్వాహకులు నాకు అప్పగించిరి. ఇట్టి సభలలో వక్తకు రెండు ఋణములుండును. ఎవరి పేరిట సభ జరుగుచున్నదో వారియెడ ఒకటి, శ్రమయనక వినవచ్చినవారియెడ మరియొకటి. మొదటి ఋణమును స్తోత్రవాక్యములతో తీర్చుట మా ఆచార్యులకు రుచింపదని వారి శిష్యులందరు ఎరుగుదురు. ఏ యంత్రమును గూర్చి బోధించినను, అది ఎట్లు పనిచేయునో వివరించిన పిమ్మట, అది ఎవరి ఆజ్ఞకు లోబడి పనిచేయునని కూడ అడుగుట వారి పద్ధతి. ఆనాడు పాఠ్యప్రణాళికకు వెలుపలిదిగా తోచిన ఆ ప్రశ్నయే నేడు నా వృత్తికి కేంద్రమై నిలిచినది. కావున దానినే నేటి ప్రసంగమునకు విషయముగా స్వీకరించితిని.

నా ప్రతిపాదన ఇది. మూల్యము ముట్టి వస్తువు చేతులు మారినప్పుడు దానిపై అమ్మినవాని అధికారము ముగియవలెనన్నది ఆధునిక వాణిజ్యధర్మమునకు పునాదిరాయి. ఆ సూత్రము తనంతట తాను వెలసినది కాదు. ఇరువదవ శతాబ్దమున న్యాయస్థానములును శాసనసభలును సుదీర్ఘమైన వాదోపవాదముల పిమ్మట దానిని స్థిరపరచినవి. వస్తువులలో సాఫ్ట్‌వేరు ప్రవేశించిన నాటినుండి, ఏ చట్టసభలోను సూటిగా చర్చకు రాకయే, ఆ సూత్రము క్రమక్రమముగా ఉపసంహృతమగుచున్నది. ఈ పరిణామమునకు సాంకేతికశాస్త్రమును నిందించుట పొరపాటు. శాస్త్రము రెండు దారులు చూపినది. వ్యాపారవిధానము వానిలో ఒకదానిని ఎన్నుకొన్నది. ఇంజనీర్లమైన మనము ఆ ఎన్నికను సిలికానుపై చెక్కి శాశ్వతము చేసితిమి.

ఈ వాదమునకు చరిత్రయే మొదటి సాక్షి. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణసంస్థ 1904లో ‘ది కాస్టవే’ అను నవలను వెలువరించి, దాని వెల ఒక డాలరనియు, అంతకు తగ్గించి అమ్ముటకు ఏ వర్తకునకును అనుమతి లేదనియు, అట్లు అమ్మినచో కాపీరైటును ఉల్లంఘించినట్లే యగుననియు లోపలి పుటలో ముద్రించెను. న్యూయార్కులోని మేసీ దుకాణమువారు ఆ పుస్తకమునే 89 సెంట్లకు అమ్మిరి. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. రచనను ప్రచురించి విక్రయించు హక్కు కాపీరైటుదారునకు కలదు గాని, ఒకసారి అమ్మిన ప్రతి ఆపై ఏ ధరకు ఎవరి చేతికి పోవలెనో శాసించు హక్కు అతనికి లేదని ఆ న్యాయస్థానము 1908లో తీర్పుచెప్పెను. పాతపుస్తకముల అంగడులకును, అరువు గ్రంథాలయములకును ఆ దేశమున నిలువనీడ నిచ్చిన సూత్రమిదియే.

ఆ 1908వ సంవత్సరముననే మద్రాసు రాష్ట్రమున ఎస్టేట్ల భూమి చట్టము అమలులోనికి వచ్చెను. జమీందారీ గ్రామములలో తరతరములుగా దుక్కి దున్నుచున్నను, ఎప్పుడు శిస్తు పెరుగునో, ఎప్పుడు భూమి చేజారునో తెలియక బ్రతికిన రైతునకు, తాను సాగుచేయు భూమిపై స్థిరమైన అనుభవహక్కును ఆ చట్టము ప్రసాదించినది. శిస్తును ఇష్టానుసారము పెంచుటకు హద్దులు విధించినది. అమెరికాలోని పుస్తకవివాదమునకును సర్కారు జిల్లాల రైతు గోడునకును ప్రత్యక్షసంబంధము లేదు. అయినను రెండింటి అంతరార్థము ఒక్కటే. వస్తువు ఒకని చేతిలోను, దానిని గూర్చిన నిర్ణయము వేరొకని చేతిలోను ఉన్నప్పుడు, చేతిలో నున్నవాడు యజమాని కాలేడు. నలుబదియేండ్ల పిమ్మట 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి, జమీందారును నడుమనుండి తొలగించువరకు ఆంధ్రదేశపు రైతు ఆ సత్యమును అనుభవించుచునే యుండెను.

ఇక యంత్రముల సంగతికి వత్తము. ఏ.బి. డిక్ అను కంపెనీ మిమియోగ్రాఫు అను ప్రతులు తీయు యంత్రమును అమ్ముచు, తాము తయారుచేసిన స్టెన్సిలు కాగితము, సిరా మాత్రమే దానిలో వాడవలెనని యంత్రముపైననే ఒక షరతు అంటించెడిది. ఆ యంత్రమును కొన్న యొక స్త్రీకి వేరొక వర్తకుడు సిరాడబ్బా నొకటి అమ్మగా, కంపెనీ అతనిపై దావా వేసెను. 1912లో అమెరికా సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురుగా చీలి, పేటెంటుదారైన ఆ కంపెనీ పక్షమే వహించెను. ప్రజాభిప్రాయము కలతచెందెను, 1914లో క్లేటన్ చట్టము పుట్టెను, 1917లో ఒక చలనచిత్రయంత్రమునకు సంబంధించిన వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే తన పూర్వనిర్ణయమును కొట్టివేసెను. సిరాడబ్బాను గూర్చిన ఆ వివాదము దాదాపు తొంబదియేండ్ల తరువాత మరల తలయెత్తుటను మనము చూడబోవుచున్నాము.

కంప్యూటరు చరిత్రలో ఈ పోరాటము మొదటినుండియు కలదు. ఐబీఎం తన లెక్కకట్టు యంత్రములను అమ్మక, అద్దెకు మాత్రమే ఇచ్చుచు, తమ చిల్లుల కార్డులనే వానిలో వాడవలెనని అద్దెపత్రములలో నిర్బంధించెడిది. పరాయి కార్డులు వాడినచో యంత్రములు తప్పులెక్కలు వేయునని ఆ సంస్థ వాదించెను. ప్రభుత్వము తన కార్డులను తాను చేసికొని చక్కగా వాడుకొనుచున్న విషయమును గమనించిన సుప్రీంకోర్టు 1936లో ఆ వాదమును త్రోసిపుచ్చెను; కార్డు ఎంత మందముగా, ఎట్టి నాణ్యముతో ఉండవలెనో కంపెనీ చెప్పవచ్చును గాని, ఎవరియొద్ద కొనవలెనో చెప్పరాదనెను. 1956లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి ఐబీఎం యంత్రములను అద్దెకే కాక అమ్మకమునకు కూడ ఉంచవలసివచ్చెను. స్వతంత్రముగా మరమ్మతులు చేయువారికి విడిభాగములను అందింపవలసివచ్చెను. 1969లో ఆ సంస్థయే సాఫ్ట్‌వేరునకు యంత్రమునుండి విడదీసి వెలకట్టుటకు నిర్ణయించెను. నేడు హైదరాబాదు, బెంగళూరు నగరములకు జీవనాధారమైన సాఫ్ట్‌వేరు వ్యాపారము వేరొక పరిశ్రమగా రూపుదాల్చుటకు ఈ నిర్ణయము తోడ్పడినది.

ఈ చరిత్రలో మన దేశమునకు, అందును మన ప్రాంతమునకు, ఒక విశిష్టమైన అధ్యాయము కలదు. పాతబడిన 1401 నమూనా యంత్రములను బాగుచేసి ఇచట అద్దెలకు తిప్పుచున్నదన్న విమర్శకు ఐబీఎం 1970వ దశకమున గురియైనది. విదేశీమారకద్రవ్య నియంత్రణచట్టము ననుసరించి తన వాటాను తగ్గించుకొనుటకు సమ్మతింపక, 1978లో అది దేశమును విడిచిపోయెను. అప్పుడు రైల్వేలలోను, ఫ్యాక్టరీలలోను, ప్రభుత్వ కార్యాలయములలోను నడుచుచున్న ఆ యంత్రముల ఆలనాపాలనల భారమును కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అను ప్రభుత్వసంస్థ వహించినది. నిర్మాత సముద్రములు దాటిపోయినను యంత్రములు ఆగలేదు. బాగుచేసి నేర్చుకొన్న ఆ నైపుణ్యమే క్రమముగా నిర్మాణశక్తిగా పరిణమించి, సికింద్రాబాదులోని ఆ సంస్థ పరిశోధనకేంద్రపు ఇంజనీర్ల కృషితో, రైలుప్రయాణికుల రిజర్వేషనును కంప్యూటరుకెక్కించెను. అంతకు పూర్వమే, 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున వెలసిన ఈసీఐఎల్ స్వదేశీయ కంప్యూటరు నిర్మాణమునకు పూనుకొనియుండెను. మరమ్మతు చేయగల జాతియే నిర్మింపగల జాతి యగునన్న సత్యమునకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు తెలియదు. ఆనాడు పటములు, విడిభాగములు, నేర్పరితనము ఉన్నచో చాలును. నిర్మాత అనుమతి యంత్రగర్భమున కూర్చుండి మెకానిక్కు చేయిపట్టుకొనెడిది కాదు.

టెలిఫోను చరిత్రయు ఇట్టిదే. అమెరికాలో టెలిఫోను తీగకు తమ పరికరములు తప్ప వేరేవి తగిలింపరాదని బెల్ సంస్థ శాసించుచుండగా, టెక్సాసుకు చెందిన థామస్ కార్టర్ అను నాతడు దూరప్రాంతములలో పనిచేయువారి వైర్‌లెస్ రేడియోను టెలిఫోనుతో కలుపు ‘కార్టర్‌ఫోను’ అను సాధనమును తయారుచేసెను. 1968లో ఆ దేశపు కేంద్ర సమాచారప్రసారముల సంఘము అతని పక్షమున నిర్ణయించి, తీగకు హాని చేయనంతవరకు ఎవరి పరికరమునైనను తగిలించు మార్గమును తెరచినది. జవాబులు నమోదుచేయు యంత్రము, ఫాక్సు, తరువాత ఇంటింటి కంప్యూటరును ఇంటర్నెట్టుతో కలిపిన మోడెము ఆ తెరచిన ద్వారముననే ప్రవేశించినవి.

ఇంతవరకు చరిత్ర ఒకే దిశలో నడచినది. దిశ మారుటకు సాఫ్ట్‌వేరు స్వభావమే అవకాశమిచ్చినది. ప్రోగ్రామును నడుపుటయే దానికి ప్రతి తీయుట. ప్రతి తీయుట కాపీరైటు పరిధిలోనిది. 1980లో అమెరికాయు, 1984లో భారతదేశమును కంప్యూటరు ప్రోగ్రాములను కాపీరైటు చట్టములో స్పష్టముగా చేర్చినవి. కృషిచేసినవానికి ఫలము దక్కవలెనన్న న్యాయమైన ఆకాంక్షయే దీనికి మూలము. కాని ఆ రక్షణ చాలదని తలచిన వర్తకులు, ప్రోగ్రామును తాము అమ్ముట లేదనియు, వాడుకొనుటకు లైసెన్సు మాత్రమే ఇచ్చుచున్నామనియు పత్రములు వ్రాయసాగిరి. పాత ఆటోక్యాడ్ ప్రతులను మరల అమ్మిన యొక వర్తకుని వ్యాజ్యమున 2010లో అమెరికాలోని తొమ్మిదవ సర్క్యూటు న్యాయస్థానము, లైసెన్సు షరతులు కఠినముగా నున్నచో కొన్నవాడు యజమాని కాడని తేల్చెను. 1908లో పుస్తకపు లోపలి పుటలో చెల్లని హెచ్చరిక, నూరేండ్ల పిమ్మట ప్రోగ్రాము పెట్టెపై చెల్లుబాటైనది.

దీనికి తోడుగా 1998లో అమెరికా తెచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టము, రచనలకు వేసిన సాంకేతికమైన తాళమును ఛేదించుటయే ప్రత్యేకమైన అపరాధముగా పరిగణించెను. కొన్ని మినహాయింపులు తప్ప, తాళము తీసినవాని ఉద్దేశము దొంగతనమా, మరమ్మతా అన్న విచక్షణకు చోటు స్వల్పము. చలనచిత్రములను, పాటలను దృష్టిలో నుంచుకొని వ్రాసిన ఆ చట్టము, ప్రోగ్రాము ఉన్న ప్రతి వస్తువునకును కవచమైనది. ప్రింటరు సిరాబుడ్డిలో, అనగా కార్ట్రిడ్జిలో, చిన్న చిప్ నొకటి అమర్చి, పరాయి కార్ట్రిడ్జిని ప్రింటరు తిరస్కరించునట్లు చేసిన లెక్స్‌మార్క్ కంపెనీ, ఆ చిప్‌నకు ప్రత్యామ్నాయము తయారుచేసినవారిపై ఈ చట్టమునే ప్రయోగించెను. మిమియోగ్రాఫు సిరా వివాదము కొత్తరూపమున అవతరించినది. 2004లో అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును అంగీకరింపలేదు. పేటెంటు పేరిట నడిచిన మరియొక వ్యాజ్యమున 2017లో సుప్రీంకోర్టు, అమ్మకముతో పేటెంటుదారుని హక్కు ముగియునని స్పష్టపరచెను. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తన తీర్పులో పదునేడవ శతాబ్దపు ఆంగ్ల న్యాయకోవిదుడగు కోక్‌ను స్మరించెను. అమ్మినవస్తువుపై ఆంక్షలు విధించుట వాణిజ్యమునకు విరుద్ధమన్న తలంపు అంత ప్రాచీనమైనది.

అయినను న్యాయస్థానము ఒక తలుపు తెరచునంతలో యంత్రము పది తలుపులు మూయుచున్నది. 2015లో జాన్ డీర్ అను ట్రాక్టరు కంపెనీ, ట్రాక్టరును కొన్న రైతునకు దానిలోని ప్రోగ్రాముపై యాజమాన్యము లేదనియు, వాహనము బ్రతికియున్నంతకాలము నడుపుకొనుటకు అంతర్నిహితమైన లైసెన్సు మాత్రమే కలదనియు అమెరికా కాపీరైటు కార్యాలయమునకు విన్నవించెను. తన పొలములో తన ట్రాక్టరు నిలిచిపోయినప్పుడు, లోపమును తాను గుర్తించినను, కంపెనీ అనుమతించిన డీలరు వచ్చి తన కంప్యూటరును తగిలించువరకు వేచియుండవలసిన రైతు స్థితిని, సర్కారు జిల్లాల చరిత్ర నెరిగినవారు నూతనమని భావింపరు. 2009లో అమెజాన్, హక్కులు లేనివారు చేర్చిన ప్రతులన్న కారణమున, పాఠకులు కొని తమ కిండిల్ పరికరములలో దాచుకొన్న జార్జి ఆర్వెల్ పుస్తకములను దూరమునుండి తొలగించి, పైకము వాపసు చేసెను. తరువాత క్షమాపణ కోరెను. ఇంటిలోని దీపములను, తాళములను నడుపు రెవోల్వ్ అను పరికరము, దాని నిర్మాతను కొనివేసిన సంస్థ 2016లో సర్వరును ఆపివేయగానే, ఏ భాగమును చెడకయే, పనికిరాని పెట్టెయై మిగిలినది. 2022లో బీఎండబ్ల్యు కొన్ని దేశములలో, కారులో అప్పటికే అమర్చియున్న వెచ్చదనపు ఆసనములను వాడుకొనుటకు నెలనెల చందా కోరి, విమర్శలు చెలరేగిన పిమ్మట విరమించుకొన్నది.

ఈ తాళము స్వరూపమును ఇంజనీరుగా కొంచెము వివరించుట నా ధర్మము. నేటి యంత్రములలో అనేకమునందు, విద్యుత్తు అందిన తక్షణమే మేల్కొను చిన్న ప్రోగ్రాము ఒకటి చెరిపివేయరాని మెమొరీలో నిక్షిప్తమై యుండును. తన తరువాత నడువవలసిన ప్రోగ్రాముపై నిర్మాత డిజిటల్ సంతకము ఉన్నదా యని అది పరీక్షించును. ఉన్నచో నడుపును, లేనిచో నిలిచిపోవును. సంతకము చేయుటకు వలసిన రహస్యకీ నిర్మాతయొద్దనే యుండును. దానిని సరిచూచు బహిరంగకీ మాత్రమే యంత్రములో నుండును. 1970వ దశకమున వెలసిన ఈ గూఢలిపి గణితము ఎంత దృఢమైనదనగా, బహిరంగకీ చేతిలో నున్నను రహస్యకీని కనుగొనుట ఆచరణలో అసాధ్యము. ఇట్టి ఉపాయమునే విడిభాగములకు వర్తింపజేసినచో, ఫోను తెర పగిలినప్పుడు వీధిచివరి మెకానిక్కు మరియొక ఫోనునుండి తీసిన అసలైన తెరనే అమర్చినను, ఆ తెర సంఖ్యను నిర్మాత సర్వరు ఆమోదింపనిదే ఫోను దానితో పూర్తిగా సహకరింపదు.

ఇచటనే నా వాదమునకు కీలకమైన విషయము కలదు. ఈ గణితము స్వతహాగా నిరంకుశము కాదు. అదే సంతకము, అదే పరీక్ష, దొంగ ప్రోగ్రాములు యంత్రములోనికి చొరబడకుండ యజమానిని కాపాడును. భేదమంతయు రహస్యకీ ఎవరి అధీనములో నున్నదన్న ఒక్క విషయమున కలదు. యజమాని తన కీని తానే నమోదు చేసికొను ఏర్పాటు నేటికిని అనేక వ్యక్తిగత కంప్యూటర్లలో కలదు. అచట తాళము యజమానికి సేవకుడు. ఆ ఏర్పాటును తొలగించిన తక్షణమే ఆ తాళము యజమానిపై కాపలావాడగును. ఈ తొలగింపునకు సాంకేతికమైన అగత్యము లేదు. మరి ఎందుకు తొలగించిరి?

సమాధానము వ్యాపారవిధానమునందు కలదు. వస్తువును తగిన లాభమునకు అమ్మి, ఆపై మంచిపేరుతో మరల కొనువారిని సంపాదించుకొను పద్ధతి పాతది. దాని స్థానమున మూడు కొత్త పద్ధతులు వచ్చినవి. యంత్రమును చౌకగా ఇచ్చి సిరాకు హెచ్చుధర పలికించుట మొదటిది. అమ్మిన వస్తువులోని సౌకర్యములకే చందాలు వసూలుచేయుట రెండవది. వాడుకరి ప్రవర్తనను గమనించి, ఆ సమాచారమును ప్రకటనదారులకు విక్రయించుట మూడవది. 2017లో విజియో అను టీవీ కంపెనీ, ఒక కోటి పదిలక్షల టీవీలలో ప్రేక్షకులు ఏమి చూచుచున్నారో వారి అనుమతి లేకయే సేకరించినదన్న ఆరోపణపై, 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడెను. ఈ మూడింటికిని సామాన్యలక్షణము ఒకటి కలదు. రాబడి అమ్మకమునకు పిమ్మట రావలెనన్నచో, అధికారమును అమ్మకమునకు పిమ్మట నిలువవలెను. పరాయి సిరాను తిరస్కరింపలేని యంత్రముతో మొదటి పద్ధతి సాగదు. ఆసనమును ఆపలేని కారుతో రెండవది సాగదు. యజమాని మాట విని నోరుమూసికొను టీవీతో మూడవది సాగదు. కనుక తాళము వ్యాపారవిధానమునకు అలంకారము కాదు, దాని వెన్నెముక.

ప్రతిపక్షవాదములను న్యాయముగా విచారింపవలెను. యంత్రము చౌకగా లభించుటచేత పేదవాడు లాభపడుచున్నాడని మొదటి వాదము. అది కొంత నిజమే; కాని ఆ చౌకదనము మొదటిరోజున కనిపించు వెలయందే కలదు; మొత్తము వ్యయము దాచబడినప్పుడు అతడు బేరము చేయలేడు. రెండవవాదము భద్రతకు సంబంధించినది. కారు బ్రేకులను, వైద్యపరికరములను ఎవరుపడిన వారు మార్చినచో ప్రాణములకు ముప్పని నిర్మాతలందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని భద్రతకు ప్రమాణములు, పరీక్షలు, బాధ్యత నిర్ణయించు చట్టములు ఉన్నవి. వానిని అమలుపరచవలసినది ప్రభుత్వము గాని, ఆ భాగములనే అమ్మి లాభము గడించు సంస్థ కాదు. 1936లో కార్డుల విషయమున న్యాయస్థానము చూపిన విచక్షణ ఇదియే. మూడవవాదము చౌర్యభీతి. రచయితకు, గాయకునకు, ప్రోగ్రాము వ్రాసినవానికి తమ శ్రమఫలము దక్కవలెను. అందు వివాదము లేదు. చౌర్యమును శిక్షించు చట్టము ఉండగా, చౌర్యము చేయని కోట్లమంది కొనుగోలుదారులను ముందుగనే నిర్బంధించుట మాత్రము న్యాయమనిపించుకొనదు.

ఈ విషయమున భారతదేశపు చట్టములు కొన్నియెడల పాశ్చాత్యులకంటె వివేకమును ప్రదర్శించినవని చెప్పుటకు సంతోషించుచున్నాను. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టము, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో తాళము ఛేదించినవానికి రెండేండ్ల వరకు కారాగారశిక్ష విధించుచునే, ఆ చట్టము స్పష్టముగా నిషేధింపని ప్రయోజనమునకై ఛేదించుట నేరము కాదని 65ఏ సెక్షనులో పలికినది. ఒక ప్రోగ్రామును వేరొక ప్రోగ్రాముతో కలిపి పనిచేయించుటకు వలసిన సమాచారమును రాబట్టుకొనుటను, దాని పనితీరును పరిశీలించి అధ్యయనము చేయుటను 52వ సెక్షను అనుమతించుచున్నది. ఇంజనీరింగు విద్యార్థులలో ఎందరికి ఈ సెక్షన్ల సంగతి తెలియునో ఆచార్యులు విచారించుకొనవలెను. 2014లో కాంపిటీషన్ కమిషన్, విడిభాగములను, లోపనిర్ధారణ పరికరములను బహిరంగవిపణిలో లభింపనీయని 14 కారు కంపెనీలకు రెండువేల అయిదువందల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించెను. తరువాతి అప్పీళ్లు ఎట్లున్నను, మరమ్మతు స్వేచ్ఛ పోటీచట్టపు పరిధిలోనిదని ఆ ఉత్తరువు నిరూపించినది. 2016లో టెలికాం నియంత్రణసంస్థయగు ట్రాయ్, ఎంపికచేసిన వెబ్‌సైట్లకు వేరొక ధర నిర్ణయించుటను నిషేధించి, దారిపై యాజమాన్యమున్నవాడు బాటసారి గమ్యమును నిర్ణయింపరాదన్న న్యాయమును నిలిపినది.

వినియోగదారుల హక్కుల ప్రస్థానమును కూడ ఈ వెలుగున చూడవలెను. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన దేశపు కాంగ్రెసునకు పంపిన సందేశమున భద్రత, సమాచారము, ఎంపిక, విన్నపము అను నాలుగు హక్కులను పేర్కొనెను. మన 1986 చట్టము ఆ భావములను గ్రహించి, జిల్లాజిల్లాకు వేదికలను కల్పించినది. దాని స్థానమున వచ్చిన 2019 చట్టము అన్యాయమైన ఒప్పందమను భావనను చేర్చినది. 2022లో కేంద్రప్రభుత్వము మరమ్మతుహక్కునకై ఒక పోర్టలును ప్రారంభించినది. 2023లో వాడుకరిని మభ్యపెట్టు పదుమూడు విధముల తెరరచనలను గుర్తించి నిషేధించినది. అదే యేట వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. ఇవి శ్లాఘనీయములు. కాని ఈ చట్టములన్నియు కొనునాటి మోసమునే ప్రధానముగా చూచుచున్నవి. వస్తువు మంచిదై, ధర న్యాయమై, ప్రకటన సత్యమై, అయినను అయిదేండ్ల పిమ్మట దూరమునుండి వచ్చిన ఒక ఆజ్ఞతో ఆగిపోయినచో, కెనెడీ చెప్పిన నాలుగు హక్కులలో ఏది భంగపడినట్లు? ఆ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము లేకుండుటయే అయిదవ హక్కు ఒకటి కావలెననుటకు తార్కాణము. దానిని స్వామ్యహక్కని పిలువవచ్చును.

ఆ హక్కునకు నేను నాలుగు అంగములను ప్రతిపాదించుచున్నాను. మొదటిది ప్రకటనధర్మము. అధికారమును తనయొద్ద నిలుపుకొన్నవాడు తాను అమ్ముచున్నానని చెప్పరాదు. అద్దెకిచ్చుచున్నానని, ఎంతకాలమునకో, ఏ షరతులకో పెద్ద అక్షరములతో చెప్పవలెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో డిజిటల్ వస్తువుల విషయమున ఇట్టి చట్టమునే చేసినది. రెండవది మరమ్మతుస్వేచ్ఛ. విడిభాగములు, పటములు, లోపనిర్ధారణ ప్రోగ్రాములు యజమానికిని, అతడు కోరిన మెకానిక్కునకును న్యాయమైన ధరకు లభింపవలెను; 2024లో ఐరోపాసమాఖ్య చేసిన నిర్దేశము ఈ దిశలో ముందడుగు. మూడవది కీపై అధికారము. పూర్తి మూల్యము చెల్లించినవాడు కోరినప్పుడు, తన కీని తన యంత్రములో నమోదుచేసికొను మార్గము ఉండవలెను; అట్లు చేసినచో నిర్మాత పూచీ తగ్గుననుట సమంజసము, మార్గమే లేదనుట సమంజసము కాదు. నాలుగవది సర్వరు మూయువాని బాధ్యత. సేవను ఆపదలచినవాడు యంత్రము తనంతట తాను పనిచేయునట్లు చివరి ప్రోగ్రామును విడుదల చేయవలెను, లేదా సర్వరుతో అది మాటలాడు విధానమును బహిరంగపరచవలెను, రెండును కానిచో మూల్యమును తగినమేరకు వాపసు చేయవలెను.

ఈ సంస్కరణల భారమంతయు శాసనకర్తలపై మోపి మనము తప్పించుకొనరాదు. చట్టమునకు ముందుగా ముసాయిదా వెలువడును, సభలో చర్చ జరుగును, వార్తాపత్రికలు విమర్శించును, న్యాయస్థానమున సవాలు చేయవచ్చును. ప్రోగ్రామునకు ఇవియేవియు లేవు. గచ్చిబౌలిలోనో, శాన్‌హోసేలోనో ఒక గదిలో కొందరు ఇంజనీర్లు ఒక సాయంకాలము వ్రాసిన షరతు మరునాటికి కోట్ల ఇండ్లలో అమలగును. దానిపై అప్పీలు లేదు. శాసనశక్తి గలవానికి శాసనకర్త బాధ్యతయు ఉండవలెను. కావున ప్రతి యంత్రపు రూపకల్పనా సమీక్షలో, వేగము, వ్యయము, భద్రతలతో పాటు, ఈ యంత్రపు కీ ఎవరి అధీనములో నుండును, నిర్మాత లేనినాడు ఇది పనిచేయునా అను రెండు ప్రశ్నలను వ్రాతపూర్వకముగా అడుగవలెనని వృత్తిసంఘములను కోరుచున్నాను. సమాధానము ప్రతికూలమైనచో ఉద్యోగము మానుమని నేను ఏ యువకునకును చెప్పజాలను. కాని ఆ ప్రశ్నను అడిగినవాని పేరు సమీక్షాపత్రములో నుండుట స్వల్పమైన విషయము కాదు.

కొనుగోలుదారునకు స్వామ్యము దక్కినచో పరిశ్రమ కుంటుపడునని ప్రతి తరమునను భయపెట్టినవారు కలరు. చరిత్ర వారికి అనుకూలముగా సాక్ష్యమీయలేదు. 1956 ఒడంబడిక పిమ్మట ఐబీఎం కృశింపలేదు. ఆ తరువాతి దశాబ్దముననే దాని మహోన్నతమైన యంత్రశ్రేణి వెలువడెను. 1968 నిర్ణయము పిమ్మట టెలిఫోను వ్యవస్థ కూలలేదు. కంప్యూటరుల సంభాషణకు ఆధారమైనది. ఇంటిలో టీవీ కార్యక్రమములను నమోదుచేసికొను వీసీఆర్ యంత్రమును నిషేధింపుమని చలనచిత్రసంస్థలు వేసిన దావాను అమెరికా సుప్రీంకోర్టు 1984లో ఒక్క వోటు ఆధిక్యముతో త్రోసిపుచ్చగా, కొలదికాలములోనే ఆ యంత్రమున ఆడు క్యాసెట్లే ఆ సంస్థలకు ప్రధాన ఆదాయములలో ఒకటియైనవి. ఐబీఎం విడిచిపోయిన యంత్రములను బాగుచేసిన చేతులే మన రైళ్లకు రిజర్వేషను వ్యవస్థను నిర్మించినవి. అమ్మినవాని అధికారము ముగిసినచోటనే కొత్త నైపుణ్యమును, కొత్త వర్తకమును మొలకెత్తినవని ఈ శతాబ్దాధిక చరిత్ర చెప్పుచున్నది. కావున స్వామ్యహక్కును వినియోగదారునిపై దయతో ఇచ్చు రాయితీగా గాక, పరిశ్రమ తన భవిష్యత్తుకై పాటింపవలసిన నియమముగా గుర్తింపవలెనని శాసనకర్తలకు, వర్తకులకు, అన్నిటికంటె ముందుగా నా వృత్తిసోదరులకు విన్నవించుచున్నాను.